జేబుల్లేని కోటు

మందుల ఫ్యాక్టరీ వాళ్ళ కోట్లకు జేబులుండవు. పైజేబు లేదు, పక్కజేబు లేదు, లోపలి జేబు ఊసే లేదు. లోపల పనిచేసేవాళ్ళు ఒక్క బిళ్ళ కూడా బయటికి పట్టుకుపోకూడదని కంపెనీ పెట్టిన షరతు అది. జలుబు చేసినవాళ్ళు చేతిరుమాలు కూడా చేత్తోనే పట్టుకు తిరగాలట. ఏడాదికి రెండుసార్లు ఆ కోట్ల ఆర్డరు వస్తే కుట్టు షాపులో అందరికీ చేతినిండా పని, మాస్టరుకు ఒంటినిండా చిరాకు.

ఈసారి అరవై కోట్లు. శనివారం మధ్యాహ్నం వ్యాను వస్తుంది.

సోమవారం పొద్దున మాస్టరు పూర్తయిన కోట్లను ఒక్కొక్కటే బల్ల మీద పరిచి, కళ్ళు మూసుకుని, కుట్ల వెంట వేళ్ళు నడిపిస్తున్నాడు. ఆయన తనిఖీ ఎప్పుడూ అంతే. కళ్ళను నమ్మలేం, వేళ్ళను నమ్మొచ్చంటాడు. తొమ్మిదో కోటు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. పక్కకుట్టులో జానెడు మేర దారం పడలేదు. జేబు పెట్టడానికి ఎవరి చెయ్యో అలవాటుగా వదిలేసిన ఖాళీ అది.

“ఎవరిదీ ఘనకార్యం?”

మూడో మిషను మీద కొత్తగా చేరినావిడ తల దించుకుంది. “చెయ్యి అలవాటు మాస్టారూ.”

“అలవాట్లు ఇంట్లో పెట్టి తాళమేసి రావాలమ్మా. ఒక్క జేబు దొరికిందంటే అరవై కోట్లూ వెనక్కొస్తాయి. అప్పుడు నువ్వొకటి, నేనొకటి, మా ఆవిడొకటి, అందరం తెల్లకోట్లేసుకుని డాక్టర్లమైపోదాం.”

షాపంతా గొల్లుమంది. ఇస్త్రీబల్ల దగ్గరున్న కొలతలక్క మాత్రం నవ్వలేదు. మామూలుగా మాస్టరు జోకుకు అందరికంటే ముందు నవ్వేది ఆమే.

టేపు పట్టకుండా ఒక్క చూపుతో కొలత చెప్పేస్తుందని ఆమెకు ఆ పేరు పడింది. పదహారేళ్ళుగా షాపులో చివరి పని ఆమెదే. అంచులు మడవడం, చేతికుట్టు వేయడం, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టడం. కుట్టు ఎంత బాగా పడినా తడిగుడ్డ ఆవిరి తగిలితే గానీ గుడ్డలో కలిసిపోదని మాస్టరే ఆమెకు మొదటిరోజు నేర్పాడు. ఆనాటి నుంచి ఆవిరి పట్టని అంచు ఒక్కటి కూడా ఆమె చెయ్యి దాటి పోలేదు.

ఆవేళ చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ మనసంతా పదకొండు బిళ్ళల మీద ఉంది. పొద్దున చెల్లెలు ఒకటి వేసుకున్నాక ఇంట్లో మిగిలినవి పదకొండు. పూటకొకటి చొప్పున, రోజుకు రెండు. పనికి వస్తూ దారిలో ఆరు మందుల షాపులు తిరిగింది. ఐదింట్లో లేదన్నారు. ఆరోదాంట్లో, ఎప్పుడూ తీసుకునే చోట, కళ్ళద్దాలాయన లేదని కూడా అనలేదు. ఖాళీ అరను లాగి చూపించాడు.

“ఎప్పుడొస్తుందండీ?”

“రాదమ్మా. ఇక్కడ గిట్టుబాటు కావట్లేదని కంపెనీ ఇవ్వడం మానేసింది. రెండు నెలలైంది. నీ కోసం దాచిన ఆఖరి షీటే కిందటిసారి ఇచ్చాను.”

“బదులు ఇంకేదైనా...”

“ఇంతకుముందు రెండు మార్చారు కదా మీ డాక్టరు. వాటికి ఫిట్స్ ఆగాయా?” ఆయన గొంతు తగ్గించాడు. “ఆగలేదు కదా. దీంతోనే ఆగాయి. ఉన్నట్టుండి ఆపేస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. ఒక మాట చెప్తాను, నేను చెప్పానని ఎక్కడా అనకు. సరిహద్దు దాటితే దొరుకుతోంది. వేరే పేరు, అదే మందు. బుధవారం బుధవారం మార్కెట్ దగ్గర నుంచి బస్సు పోతుంది.”

ఆ మాటే ఆమె చెవిలో పొద్దున్నుంచి రొద పెడుతోంది.

పదకొండింటికి ఫ్యాక్టరీ నుంచి పొడుగమ్మాయి వచ్చింది. ప్యాకింగులో పని చేస్తుంది. తాటిచెట్టంత మనిషి కావడంతో ఏ కోటు ఇచ్చినా చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోతాయి. అందుకని ఆర్డరు వచ్చినప్పుడల్లా ఒకసారి షాపుకొచ్చి, తన కోటుకు విడిగా కొలతలిచ్చి పోతుంది.

“కిందటిసారి కంటే ఒక అంగుళం ఎక్కువ పెట్టక్కా. మా సూపర్‌వైజరు నన్ను చూసి, పిల్ల కోటేసుకొచ్చావా అంటున్నాడు.”

“నిలబడు తిన్నగా,” అంది కొలతలక్క. టేపు తీయకుండానే సుద్దతో కాగితం మీద అంకె వేసుకుంది. తరవాత, ఎందుకడిగిందో ఏమో, “లోపల ఏం మందులు చేస్తారే మీరు?” అంది.

“నాకేం తెలుసక్కా. మూడో లైనులో షీట్లు వస్తాయి, పెట్టెల్లో సర్దుతాం. అన్నీ సరిహద్దు అవతలికి పోయే లారీలే. పెట్టె మీద రాత కూడా వాళ్ళదే.” పొడుగమ్మాయి రెండు చేతులూ చూపించింది. “రోజంతా ఇవి తప్ప ఇంకేం కదలవు.”

మధ్యాహ్నం టీ వేళ కొలతలక్క మాస్టరు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“బుధవారం ఒక్కరోజు సెలవు కావాలి మాస్టారూ.”

ఆయన టీ గ్లాసు దించకుండానే ఆమెను చూశాడు. “ఈ వారమా? అరవై కోట్లకు ఆఖరి చెయ్యి నీదే. అంత కొంపలేం మునిగిపోయాయి?”

“మా చెల్లెలికి మందు కావాలి. దూరం వెళ్ళాలి.”

“మందు తేవడానికి రోజంతా ఎందుకు? ఈ ఊళ్ళో టీ బంకుల కంటే మందుల షాపులే ఎక్కువ.” ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. “బుధవారం రాకపోతే గురువారం కూడా రానక్కర్లేదు. చెప్పానంతే.”

ఆమె ఇస్త్రీబల్ల దగ్గరికి తిరిగొచ్చి, తడిగుడ్డ పిండి, తరవాతి అంచు మీద పరిచింది.

*

“వెళ్ళొద్దు,” అంది చెల్లెలు ఆ సాయంత్రం. “సగం సగం వేసుకుంటా. పదకొండు కాస్తా ఇరవై రెండవుతాయి. ఈలోగా ఎక్కడో ఒకచోట వస్తుంది.”

“డాక్టరు చంపేస్తాడు.”

“ఆయనకా శ్రమ ఎందుకు, అక్కా? మందు లేకపోతే ఆ పని దానంతట అదే అవుతుంది.”

చెల్లెలి నోటికి అడ్డూ ఆపూ లేదు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, జిరాక్స్ షాపులో పని. ఫ్యాక్టరీ బస్సు ఆగే చోటే ఆ షాపు. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు కాబట్టే ఒంటరిగా రోడ్డు దాటుతోంది, వేడి కాగితాలు లెక్కపెడుతోంది, వారానికోసారి సినిమాకు పోతోంది. అంతకుముందు స్నానాల గదికి గడియ కూడా ఉండేది కాదు. ఆ గడియ పెట్టించుకున్న రోజు పిల్ల పది నిమిషాలు లోపలే ఉండి, నీళ్ళ చప్పుడు చేయకుండా, ఊరికే తలుపేసుకు కూర్చుంది. బయట నిలబడ్డ కొలతలక్కకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

“వెళ్తాను,” అంది. “పని పోతే ఇంకో పని చూసుకుంటాను. సూదీ దారం ఎక్కడైనా ఒకటే.”

“నేనూ వస్తా.”

“రానూపోనూ ఎనిమిది గంటలు బస్సులో. దారిలో నీకేమైనా అయితే నేను నిన్ను చూసుకోనా, మందు చూసుకోనా?”

చెల్లెలు లేచింది. మందుల చీటీ తెచ్చి, మడతలు సాపు చేసి, తనే అక్క చలికోటు జేబులో పెట్టింది. ఆ కోటు కొలతలక్క తన కోసం కుట్టుకున్నది. ముదురు నీలం ఉన్ని, మోకాళ్ళ కిందిదాకా వస్తుంది. షాపులో మిగిలిన ముక్కల్ని అతికి కుట్టిందని ఎవరూ కనిపెట్టలేరు.

*

బస్సులో సగం మంది ఒడిలో మందుల చీటీలున్నాయి. ఆమె పక్కన గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన కూర్చున్నాడు. భార్యకు గుండె మందు కోసం మూడోసారి పోతున్నానన్నాడు.

“ముప్పై రోజుల మందే తేనిస్తారమ్మా,” అని చెవిలో చెప్పాడు. “నెలనెలా ఎవరు పోగలరు? అందుకని మిగతాది ఎవరి తెలివికొద్దీ వాళ్ళు తెస్తారు.” ఒడిలోని పాత అలారం గడియారాన్ని తట్టాడు. లోపల యంత్రం లేదు. ఖాళీ డబ్బాలా పలికింది.

సరిహద్దు అవతల మొదటి వీధంతా మందుల షాపులే. షాపాయన చీటీ చూసి, అడిగిందే తడవుగా నూట ఎనభై బిళ్ళలు బల్ల మీద పెట్టాడు. పద్దెనిమిది షీట్లు. కొలతలక్క ఒక షీటు తీసి వెనక్కి తిప్పింది. వాళ్ళ రాత ఆమెకు రాదు గానీ, అట్టడుగున చిన్న అక్షరాలతో తయారీ చిరునామా మాత్రం ఆమెకు వచ్చిన రాతలో కూడా ఉంది. అది తమ ఊరు. ఆ వీధి పేరు తాను ఏటా రెండుసార్లు కోట్ల మూటల మీద రాసే పేరు.

రెండోసారి చదివింది. ఒళ్ళు మండిపోయింది. తన ఇంటికి మూడు స్టాపుల దూరంలో తయారైన మందు కోసం నాలుగు గంటలు ఈ బస్సులో కుదేలై కూర్చుని వచ్చింది. తాను జేబు లేకుండా కుట్టిన కోట్ల చేతుల మీదుగానే ఇది లారీ ఎక్కింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. బల్ల అవతలి షాపాయన పాపం, సంచీ కావాలా అని అడుగుతున్నాడు.

తిరుగు బస్సుకు ఇంకా మూడు గంటలుంది. బస్టాండు ఆడవాళ్ళ గదిలో మూలనున్న బెంచీ మీద కూర్చుని ఆమె కోటు విప్పి ఒళ్ళో వేసుకుంది. ఆరు షీట్లు, అంటే నెల రోజుల మందు, చీటీతో సహా బాహాటంగా చూపించడానికి. మిగిలిన నూట ఇరవై అంచులోకి. అంచు చుట్టుకొలత ఆమెకు తెలుసు, బిళ్ళ వెడల్పు చూపుతోనే కట్టింది. ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే సరిగ్గా సరిపోతాయి. భగవంతుడే కొలిచి కుట్టించినట్టుంది అనుకుంది.

మొదట షీటును కత్తిరించి ముక్కలుగా పెట్టి చూసింది. రేకు కరకరలాడింది. కోటు కదిపితే చాలు, ఎండుటాకుల మీద నడిచినట్టు చప్పుడు. ఏ చవకబారు లైనింగుకు ఏ చప్పుడో గుడ్డి చీకట్లో చెప్పగలిగిన మనిషి ఆమె. ఆ చప్పుడును ఎలా ఒప్పుకుంటుంది? ఒక్కొక్క బిళ్ళనే రేకులోంచి నొక్కి బయటికి తీసింది. అంచు మడతలో పెట్టి, బిళ్ళకూ బిళ్ళకూ మధ్య ఒక్కో కుట్టు వేసింది, ఒకదానికొకటి తగిలి చప్పుడు చేయకుండా. నూట ఇరవై బిళ్ళలు, నూట ఇరవై కుట్లు. ఖాళీ రేకులన్నీ చెత్తబుట్టలో వేసి, గుర్తుకు ఒక్కటి రవికలో దోపుకుంది.

లేచి కోటు దులిపి చూసుకుంది. చప్పుడు లేదు. కానీ అంచు ఉబ్బుగా, నలిగినట్టు కనిపించింది. చేతిపని చేసినవాళ్ళకు ఇట్టే దొరికిపోతుంది. బస్టాండు పక్కన ఇస్త్రీ బండి ఉంది. బండివాడు చెయ్యి చాపాడు.

“నువ్వొద్దు నాయనా, పెట్టె ఇటివ్వు,” అంది. చెంబులో నీళ్ళు అడిగి, గుడ్డ తడిపి, పిండి, అంచు మీద పరిచింది. బిళ్ళలు నలగకుండా బరువు వేయకుండా, ఆవిరి మాత్రం బాగా పట్టేలా, చుట్టూ రెండు సార్లు తిప్పింది. గుడ్డ తీసేసరికి అంచు గీత గీసినట్టుంది. బండివాడు నోరు తెరుచుకు చూశాడు.

చెక్‌పోస్టులో ఆడవాళ్ళ వరుస దగ్గర కస్టమ్స్ ఆవిడ ముందు చీటీ చూసింది, తరవాత ఆమె మొహం చూసింది.

“పేషెంటు ఎక్కడ?”

“ఇంట్లో ఉందండి. మా చెల్లెలు.”

“పేషెంటు దగ్గరుండి తెచ్చుకుంటేనే సొంత వాడకం. ఇంకొకరి కోసం తెస్తే దిగుమతి. లైసెన్సుందా?”

“లైసెన్సేమిటండీ... ఇది మా ఊళ్ళో తయారైందే. ఇదిగో, వెనకాల చూడండి.”

ఆవిడ చూసింది. నిజంగానే చదివింది. “ఎక్కడ తయారైనా సరే, అటు నుంచి ఇటొస్తే దిగుమతే,” అని ఆరు షీట్లూ పక్కనున్న బుట్టలో వేసింది. బుట్ట అప్పటికే సగం నిండి ఉంది. అందులో అన్నిటికంటే పైన ఒక అలారం గడియారం ఉంది. మగవాళ్ళ వరుసలో ముసలాయన రెండు చేతులూ వేలాడేసి నిలబడి ఉన్నాడు. తిరగని గడియారం ఎందుకు మోస్తున్నావని ఎవరో అడిగి ఉంటారు.

“కోటు.”

కొలతలక్క కోటు విప్పి ఇచ్చింది. ఆవిడ జేబులు తిరగేసింది, భుజాలు నొక్కింది, లోపలి కుట్ల వెంట వేళ్ళు పోనిచ్చింది. వేళ్ళు అంచు దాకా వచ్చాయి.

“తేమగా ఉందేం ఇక్కడ?”

“టీ ఒలికిందండి. తుడిచాను.”

ఆవిడ అంచును వెలుతురుకు పెట్టి చూసింది. “ఎక్కడ కుట్టించావు?”

“నేనే కుట్టుకున్నానండి.”

“పనితనం ఉందమ్మా నీ చేతిలో,” అని కోటు తిరిగి ఇచ్చేసింది.

బస్సులో ముసలాయన పక్కన కూర్చుని ఆమె దారి పొడుగునా అంచును రెండు చేతులతో ఒళ్ళో పట్టుకునే ఉంది. ఆయన ఖాళీ ఒడి చూస్తే దిగులేసింది. లోపల మాత్రం, ఆ దిగులులోనే, గర్వంగా కూడా ఉంది. అరవై పోతే పోయాయి, నూట ఇరవై దక్కాయి. రెండు నెలలు. ఆ వేళ్ళు తన కుట్టును దాటిపోయాయి!

*

చెల్లెలు టీ పెట్టి సిద్ధంగా ఉంది. కొలతలక్క చెప్పులు కూడా విప్పకుండా కోటు మంచం మీద పరిచి, కత్తెర మొనతో మొదటి కుట్టు తెంపింది. మడత విడలేదు. గుడ్డకు గుడ్డ అంటుకుంది. లాగింది. లోపల బిళ్ళ లేదు. తెల్లటి జిగురు ముద్ద ఉంది.

రెండో కుట్టు తెంపింది. మూడోది. తరవాత లెక్క లేకుండా చింపుకుంటూ పోయింది. అంచు చుట్టూతా అదే బంక. ఉన్ని నూగు అతుక్కుని, పిసికిన సబ్బులా.

“అక్కా, ఆగు,” అంది చెల్లెలు. “అక్కా, చెయ్యి కోసుకుంటున్నావు.”

గురువారం పొద్దున ఆ ముద్దను ఒక గిన్నెలోకి గీరి కళ్ళద్దాలాయన దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆయన గిన్నెలోకి చూసి తల పట్టుకున్నాడు.

“రేకులోంచి తీశావా? ఎందుకు తీశావమ్మా? ఇది గాలిలో పెడితేనే చెమ్మ లాగేసే మందు. అందుకే కదా ఒక్కో బిళ్ళకూ విడిగా రేకు.”

“చప్పుడవుతుందని తీశాను. తరవాత ఇస్త్రీ...” ఆమె ఆగింది. “తడిగుడ్డ వేశాను.”

ఆయన గిన్నెను పక్కకు జరిపాడు.

“కొంచెం కొంచెం ఇస్తే పనిచెయ్యదా అండీ?”

“ఎంత పడుతుందో ఎవరికి తెలుసు? తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. పారెయ్.”

షాపుకు వెళ్ళింది. రావద్దన్న మాట గుర్తుండే వెళ్ళింది, వేరే ఎక్కడికి వెళ్ళాలో తెలియక. మాస్టరు ఆమెను చూశాడు, గోడ కొక్కేనికి ఆమె తగిలించిన కోటును చూశాడు. అంచు చింకిపాతలా వేలాడుతోంది. మాస్టరు దగ్గరికి వెళ్ళి, ఆ చింపిరి అంచును రెండు వేళ్ళ మధ్య నలిపాడు. ఎండిన తెల్లటి పొట్టు రాలింది. వేళ్ళు వాసన చూసుకుని, చొక్కాకు తుడుచుకున్నాడు.

“బొత్తాలు కుట్టు,” అన్నాడు. “ఇస్త్రీ ఇంకొకరు చూస్తారు.”

అది శిక్షో జాలో ఆమెకు అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపికా లేదు. ఒక విధంగా మేలే అయింది. తడిగుడ్డ వైపు చూడలేకపోతోంది.

సాయంత్రం పొడుగమ్మాయి కోటు తొడిగి చూసుకోవడానికి వచ్చింది. చేతులు సరిగ్గా మణికట్టు దాకా వచ్చాయి. సంబరపడిపోయి అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. కొలతలక్క ఆమెను తెర చాటుకు తీసుకెళ్ళి ఖాళీ రేకు చేతిలో పెట్టింది.

“ఇది మీదేనా?”

“మా మూడో లైనుదే. ఇదిగో ఈ గీతలు, మేము వేసే గుర్తు.” పొడుగమ్మాయి తలెత్తింది. “నీకెక్కడిదక్కా?”

కొలతలక్క చెప్పింది. మొత్తం చెప్పింది, ఇస్త్రీతో సహా. “ఐదు బిళ్ళలున్నాయి మా దగ్గర. ఒక్క షీటు తెచ్చిపెట్టగలవా?”

పొడుగమ్మాయి రేకును నిప్పు ముట్టుకున్నట్టు వెనక్కి ఇచ్చేసింది. “గేటు దగ్గర ఒళ్ళంతా తడుముతారక్కా. కిందటేడు ఒకావిడ జడలో పెట్టుకుని దొరికిపోయింది. నాకిద్దరు పిల్లలు. నా వల్ల కాదు. ఏమనుకోకు.”

“ఏమీ అనుకోనులే,” అంది కొలతలక్క. నిజానికి చాలా అనుకుంది, అందులో న్యాయం లేదని తెలిసి కూడా.

*

ఐదు బిళ్ళలు కాదు, ఎనిమిదున్నాయి. చెల్లెలు సోమవారం రాత్రి నుంచే చెప్పకుండా సగం సగం వేసుకుంటోంది. మిగిలినవి ఒక అగ్గిపెట్టెలో దాస్తోంది. శుక్రవారం పదకొండింటికి జిరాక్స్ షాపు నుంచి ఫోను వచ్చింది. కొలతలక్క బొత్తం మధ్యలో సూది వదిలేసి, ఎవరినీ అడక్కుండా, చెప్పుల్లేకుండా పరుగెత్తింది. మాస్టరు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు గానీ పిలవలేదు.

ఆమె వెళ్ళేసరికి అయిపోయింది. చెల్లెలు షాపులో కుర్చీ మీద ఉంది. నుదురు మిషను అంచుకు కొట్టుకుని చీరుకుపోయింది, ఎవరో గుడ్డ అదిమి పెట్టారు. నాలుక కరుచుకుంది. బట్టలు తడిశాయి. చుట్టూ ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడ్డ జనం.

“ఎంతమంది చూశారక్కా?” ఇదే మొదట అడిగింది, ముద్దముద్దగా.

“ఎవరూ చూడలేదు.”

“అబద్ధం చెప్పినా కొలత ప్రకారం చెప్పు.” నవ్వబోయి ఏడ్చేసింది. మూడేళ్ళలో చెల్లెలు ఏడవడం కొలతలక్క చూడలేదు. ఇంటికి తీసుకెళ్ళి స్నానం చేయించింది. గడియ వేయకుండా, తలుపు తెరిచి ఉంచి, లోపలే నిలబడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అగ్గిపెట్టె అప్పుడే బయటపడింది.

శనివారం పొద్దున, షాపు తెరవకముందే, మెట్ల మీద పొడుగమ్మాయి కూర్చుని ఉంది.

“నిన్న బస్సు దగ్గర నేనున్నానక్కా. తల నేలకు కొట్టుకోకుండా నా ఒళ్ళో పెట్టుకున్నాను. నీ చెల్లెలని తరవాత ఎవరో అన్నారు.” తన రెండు చేతుల వంకా చూసుకుంది. “రోజంతా ఆ బిళ్ళలే సర్దుతాను. ఎవరికేమవుతుందో ఎప్పుడూ చూడలేదు.”

కొలతలక్క పక్కన కూర్చుంది.

“సోమవారం నాది పొద్దుటి షిఫ్టు,” అంది పొడుగమ్మాయి. “ఐదు రోజులకు ఒక్క షీటు. అంతకంటే అడక్కు. కానీ చేతికి తగలకూడదు.”

“తగలదు.”

“చప్పుడు కాకూడదు.”

“కాదు. నువ్వు మాత్రం రేకులోంచి తీయకు,” అంది కొలతలక్క.

పొడుగమ్మాయి కోటు నలభై ఒకటో నంబరు. కొలతలక్క దాన్ని ఒళ్ళో వేసుకుని, బొత్తాలు కుడుతున్నట్టే కూర్చుని, చేతి మడత లోపల, మణికట్టుకు పైన ఒక పలచని అర కుట్టింది. చప్పుడు మింగేయడానికి రెండు వైపులా మెత్తటి నూగుగుడ్డ వేసింది. సరిగ్గా ఒక షీటు పట్టేంత. ఆ చేతులు అంత పొడుగ్గా ఉండబట్టే మడత లోపల అంత చోటు దొరికింది. పదహారేళ్ళలో ఆ కంపెనీ కోటుకు ఆమె పెట్టిన మొదటి జేబు అది. తీరా కుట్టాక చూస్తే మడత కొంచెం లేచి కనిపించింది. ఇస్త్రీబల్ల వైపు చూసింది. అక్కడ బేసిన్లో తడిగుడ్డ నానుతోంది. వెళ్ళలేకపోయింది. కోటును అలాగే మడిచి దొంతరలో పెట్టేసింది.

పన్నెండింటికి మాస్టరు ఆఖరి తనిఖీకి కూర్చున్నాడు. వ్యాను బయట నిలబడి హారన్ కొడుతోంది. కళ్ళు మూసుకుని ఒక్కొక్క కోటే తడుముతున్నాడు. ముప్పై తొమ్మిది. నలభై. అరవై కోట్లు వెనక్కి వస్తే ఈ షాపులో ఆరుగురి నోటి కాడి కూడు పోతుందని కొలతలక్కకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంతకుముందు గుర్తు రాలేదా? వచ్చింది. పక్కకు నెట్టేసింది.

నలభై ఒకటి. భుజాలు, చంకలు, పక్కకుట్లు, అంచు. కుడి చెయ్యి. ఎడమ చెయ్యి. మడత.

మాస్టరు వేళ్ళు ఆగాయి.

మళ్ళీ వెనక్కి వచ్చాయి. నూగుగుడ్డ మందాన్ని బొటనవేలితో నెమ్మదిగా నొక్కి చూశాయి. మాస్టరు కళ్ళు తెరిచాడు. ఆమె వైపు చూడలేదు. కొక్కేనికి వేలాడుతున్న నీలం కోటు వైపు, దాని చింపిరి అంచు వైపు చాలాసేపు చూశాడు. మూడో మిషను దగ్గరావిడ కత్తెర కింద పెట్టి, ఏమైందోనని తల ఎత్తింది.

“ఏంటి మాస్టారూ, జేబేమైనా దొరికిందా?”

“ఇక్కడ మడత సరిగా కూర్చోలేదు,” అన్నాడు మాస్టరు.

కోటు చేత పట్టుకుని లేచి, ఇస్త్రీబల్ల దగ్గరికి తనే వెళ్ళాడు. అలవాటుగా చెయ్యి బేసిన్లోని తడిగుడ్డ మీదికి పోయింది. ఆగింది. గుడ్డను అక్కడే వదిలేసి, తడిసిన వేళ్ళు చొక్కాకు తుడుచుకుని, పొడి ఇస్త్రీపెట్టెనే ఆ మడత మీద పెట్టి, బరువంతా వేసి నొక్కాడు. తీసి, వేలితో తడిమి, మళ్ళీ ఒకసారి నొక్కాడు. తరవాత కోటు మడిచి, పైన కాకుండా, అడుగున కాకుండా, మూట మధ్యలో దూర్చాడు.

“నలభై ఒకటి సరిపోయింది,” అన్నాడు. “ఇస్త్రీపెట్టె కాగే ఉంది. వచ్చి నీ పని నువ్వు చూసుకో కొలతలక్కా, తరవాతది తే.”